పూచీ పత్రము

క్రొత్త మోటారు సైకిలు కొన్నవారికి షోరూమువారు తాళపు చెవులతో పాటు ఒక చిన్న పుస్తకమును కూడ ఇత్తురు. పెక్కుమంది ఆ పుస్తకమును తెఱచి చూడరు. బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి, సంతోషముతో ఇంటికి పోవుదురు. పుస్తకము బీరువాలోనో, అటక మీదనో చేరును. కొన్ని నెలలు గడచి, బండి మొరాయించిన దినమున గాని దాని జ్ఞాపకము రాదు. ఆ పుస్తకములో 'వారంటీ' అను శీర్షిక క్రింద రెండు మూడు పుటలు ఉండును. కొన్నవాడు చెల్లించిన ధరలో ఆ పుటల విలువ కూడ చేరియున్నది. దానిని రాబట్టుకొనుట యెట్లో తెలిసినవారు మాత్రము తక్కువ.

వారంటీ అనునది ఆంగ్లపదము. తెలుగున దీనికి దగ్గఱగా నుండు మాట పూచీ. ఒకరి అప్పునకు వేఱొకరు పూచీపడుట తెలుగు పల్లెలలో చిరకాలముగా నున్న వ్యవహారమే. అప్పు తీసికొన్నవాడు తీర్పనిచో పూచీపడినవాడు ఆ భారమును మోయవలెను. వారంటీయందు యంత్రమును తయారుచేసినవాడు తన యంత్రమునకు తానే పూచీపడుచున్నాడు. "ఇన్ని సంవత్సరములలోపల, లేదా ఇన్ని కిలోమీటర్లు తిరుగులోపల, ఏది ముందైన అది, లోహమునందు గాని పనితనమునందు గాని లోపము బయటపడినచో, ఆ భాగమును ఉచితముగా బాగుచేసి యిచ్చెదము, లేదా మార్చి యిచ్చెదము" అనుట ఆ పుటల సారాంశము.

ఈ పూచీకి ఎల్లలు కలవు. అవి తెలియకపోవుటచేతనే పెక్కు తగవులు పుట్టుచున్నవి. మొదటి ఎల్ల కాలము, దూరము. ఒక బండికి 3 సంవత్సరములు లేదా 30,000 కిలోమీటర్లు పూచీ యిచ్చిరనుకొనుడు. బడికి పోయి వచ్చు ఉపాధ్యాయుడు దినమునకు 10 కిలోమీటర్లు మాత్రమే తిరుగును. అతనికి 3 సంవత్సరములు నిండువఱకు పూచీ నిలుచును. దినమునకు 60 కిలోమీటర్లు తిరుగు వర్తకునకు 500 దినములలోనే 30,000 కిలోమీటర్లు పూర్తియగును. అంతటితో అతని పూచీ కూడ ముగియును. 'ఏది ముందైన అది' అను మూడు మాటలలో ఇంత భేదము ఇమిడియున్నది.

రెండవ ఎల్ల, లోపమునకును అరుగుదలకును గల భేదము. బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు మొదలైనవి పనిచేయుచు అరిగిపోవుటకే ఏర్పడిన భాగములు. రెండేండ్లు తొడిగిన చెప్పులు అరిగినవని అమ్మినవానిని నిందింపరాదు. వారము దినములకే అట్ట ఊడిపోయినచో మాత్రము అతనిని అడుగుట న్యాయము. బండి విషయమునను ఇదియే సూత్రము. అరుగుదలకు పూచీ లేదు. లోపమునకు పూచీ కలదు. టైర్లు, బ్యాటరీ వంటివి సామాన్యముగా వేఱు కర్మాగారములలో తయారగును గనుక వానికి ఆ తయారీదారులే ప్రత్యేకముగా పూచీ యిత్తురు. పందెములలో నడపిన బండికిని, ఇష్టము వచ్చినట్లు మార్పులు చేసిన బండికిని పూచీ చెల్లదని కూడ అనేక పత్రములలో ఉండును.

మూడవ ఎల్ల కొన్నవాని బాధ్యత. పుస్తకములో చెప్పిన గడువులలో, కంపెనీ ఒప్పుకొన్న చోట బండికి సర్వీసు చేయింపవలెను. చేయించినట్లు పుస్తకములో ముద్ర వేయింపవలెను. ఈ నియమము వర్తకుల లాభము కొఱకే పుట్టినదని కొందఱు తలంతురు. ఇంజను పనిచేయు తీరును గమనించినచో దీనిలోని న్యాయము బోధపడును. సామాన్యమైన 100 సి.సి. బండి ఇంజనులో సుమారు ఒక లీటరు నూనె మాత్రమే ఉండును. నిమిషమునకు కొన్ని వేల పర్యాయములు తిరుగు భాగములకు ఒరపిడి తగులకుండ కాపాడునది ఆ లీటరు నూనెయే. అది కాలక్రమమున నల్లబడి, మసి చేరి, తన గుణమును కోల్పోవును. దానిని మార్పకయే నడపినచో దోషము లేని ఇంజను కూడ చెడును. కావుననే తయారీదారుడు, "నేను లోపము లేని యంత్రము నిత్తును, నీవు దానిని సరిగా చూచుకొనుము" అని కోరుచున్నాడు. పూచీ పత్రము ఇరుపక్షముల ఒప్పందము.

ఇంకొక విషయము కలదు. బండి అమ్మిన డీలరు వేఱు. బండి తయారుచేసిన కంపెనీ వేఱు. వారంటీ సామాన్యముగా కంపెనీ ఇచ్చును. ఆ మాటను చెల్లించుట మాత్రము డీలరు చేతిమీదుగా జరుగును. చెడిన భాగమును డీలరు ఊడదీసి, లోపమును వ్రాసి, కంపెనీకి తెలుపవలెను. కంపెనీవారు పరీక్షించి ఒప్పుకొన్నచో ఆ భాగపు వెలను, పనికూలిని డీలరునకు చెల్లింతురు. ఒప్పుకొననిచో ఆ ఖర్చు డీలరు నెత్తిన పడును. సర్వీసు కేంద్రములోని ఉద్యోగి వెంటనే "సరే" అనక సందేహించుటకు ఒక్కొక్కప్పుడు ఇదియే కారణము. కొన్నవాడు అతనికి తగిన ఆధారములు సమకూర్చి యిచ్చినచో, అతడు ఆ ఆధారములనే కంపెనీకి పంపి పని సాధింపగలడు.

ఈ సంగతులన్నియు ఒక ఉదాహరణముచే స్పష్టమగును. కృష్ణా జిల్లాలోని ఒక గ్రామమున ఒక పాలవర్తకు డున్నాడనుకొనుడు. అతడు అప్పుచేసి క్రొత్త మోటారు సైకిలు కొనెను. వేకువనే లేచి 20 లీటర్ల క్యాన్లు రెండింటిని బండికి కట్టి, ఇంటింట పాలు సేకరించి, పట్టణములో అమ్మి వచ్చుట అతని జీవనము. బండి కొన్న పది నెలలకు గొట్టమునుండి నీలిరంగు పొగ రాసాగెను. నూనె తగ్గిపోవుచుండెను. ఒక దినము బండి దారిలోనే నిలిచిపోయెను; క్యాన్లలోని పాలు విఱిగిపోయెను. బండి ఆగిన ప్రతి దినమును అతని సంపాదన ఆగును; అప్పు వాయిదా మాత్రము ఆగదు.

పొగ రంగునుబట్టి కొంత ఊహింపవచ్చును. చలి ఉదయమున కొంతసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. నల్లని పొగ పెట్రోలు ఎక్కువగా మండుచున్నదని తెలుపును. నీలిరంగు పొగ ఇంజను నూనె మండుచున్నదనుటకు గుర్తు. పిస్టనుకు చుట్టునున్న రింగులు సరిగా అమరనిచో, లేదా వాల్వుల యొద్దనుండు సీళ్లు చెడినచో నూనె సిలిండరులోనికి చేరి మండును. ఈ దోషము కర్మాగారములో జరిగిన పొరపాటువలన రావచ్చును. నూనె మార్పక నడపుటచే సిలిండరు గీతలుపడి కూడ రావచ్చును. పొగ ఒక్కటే, కారణములు రెండు. మొదటి కారణమైనచో ఖర్చు కంపెనీది, రెండవదైనచో కొన్నవానిది. వారంటీ తగవులలో అనేకము ఈ కూడలియందే నిలిచిపోవుచున్నవి.

పాలవర్తకుడు సర్వీసు కేంద్రమునకు పోయెను. అచ్చటి ఉద్యోగి బండిని చూచి, "మీరు నూనె సరిగా మార్పించి యుండరు. పైగా పాల క్యాన్లు మోయించుచున్నారు. ఇది వారంటీలోనికి రాదు" అనెను. ఈ సమయమున వర్తకుని ముందు రెండు మార్గములు కలవు. కేకలు వేయుట మొదటిది. పదిమంది గుమికూడుదురు, ఉద్యోగి కూడ మొండిపట్టు పట్టును, సాయంకాలమునకు బండియు బాగుపడదు, కాగితము మీద ఒక్క అక్షరమును మిగులదు. రెండవ మార్గము పుస్తకమును చేతబట్టి మాటలాడుట.

అతడు రెండవ మార్గమును పట్టెననుకొనుడు. మొదట సర్వీసు పుస్తకమును తెఱచి, గడువు తప్పక నూనె మార్పించినట్లు వేసిన ముద్రలను చూపును. వానితో పాటు దాచిన రశీదులను చూపును. తరువాత బండి ఎంత బరువు మోయవచ్చునో తెలుపు పుటను చూపును. రెండు క్యాన్ల పాలు సుమారు 41 కిలోలు తూగును. క్యాన్ల బరువు కలిపినను, వెనుక కూర్చుండు ఒక పెద్ద మనిషి బరువునకు అది మించదు. ఇద్దఱు కూర్చుండుటకు తగిన బండి ఆ భారమునకు చెడదని పుస్తకమే సాక్ష్యము పలుకును. ఇట్లు రెండు ఆక్షేపణలకును కాగితముతోనే సమాధానము వచ్చినది. కోపము సాధింపలేని పనిని రెండు పుటలు సాధించినవి.

బండిని అప్పగించునప్పుడు జాబ్ కార్డు వ్రాయింపవలెను. ఇది మిక్కిలి ముఖ్యమైనది. "ఇంజను బాగుచేయవలెను" అని వ్రాసినచో చాలదు. "వేడెక్కిన తరువాత కూడ నీలిపొగ వచ్చుచున్నది; గడచిన 500 కిలోమీటర్లలో ఇంత నూనె తగ్గినది; ఈ దినమున బండి దారిలో ఆగినది" అని లక్షణములను వ్రాయింపవలెను. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, తిరిగి యిచ్చెదమన్న దినము అందు ఉండవలెను. దానిపై సంతకము చేయుటకు ముందు చదువవలెను. నకలు అడిగి తీసికొనవలెను. పూచీ గడువు రేపు ముగియనున్నను, లోపమును నేడే వ్రాయించినట్లు ఆ కార్డు సాక్ష్యమిచ్చును. నోటిమాటతో బండిని వదలి వచ్చినవానికి అట్టి సాక్ష్యము ఉండదు.

కారణము తేల్చుటకు పరీక్షలు కలవు. నూనెను గుర్తు వఱకు నింపి, మూతలకు ముద్రవేసి, కొన్నివందల కిలోమీటర్లు నడిపించి, ఎంత తగ్గినదో కొలుచుట ఒక పద్ధతి. సిలిండరులోని ఒత్తిడిని కొలుచుట మఱియొకటి. ఇంజనును విప్పి రింగులను, సిలిండరును కొలుచుట తుది పరీక్ష. విప్పునప్పుడు తాను దగ్గఱ నుండి చూచెదనని వర్తకుడు కోరవచ్చును. విప్పిన భాగముల ఛాయాచిత్రములు తీసికొనవచ్చును. మఱమ్మతు పూర్తియైన పిమ్మట ఏ భాగమును మార్చిరో, ఖర్చు ఎవరు భరించిరో బిల్లులో వ్రాయించుకొనవలెను. అదే లోపము మరల వచ్చినచో ఈ బిల్లే తరువాతి మాటకు మొదలగును.

డీలరు ఒప్పుకొననిచో కారణమును వ్రాతమూలకముగా ఇమ్మని అడుగవలెను. నోటితో సులభముగా "కాదు" అనువారు కాగితముపై వ్రాయవలసి వచ్చినప్పుడు మరల ఆలోచింతురు. అటుపిమ్మట కంపెనీ వినియోగదారుల విభాగమునకు లేఖ వ్రాయవలెను. లేఖ ఒక పుటకు మించనక్కఱలేదు. కొన్న తేదీ, బండి సంఖ్యలు, లోపము మొదలైన దినము, సర్వీసు కేంద్రమునకు పోయిన తేదీలు, వారు చెప్పిన సమాధానము, ఇప్పుడు కోరునది, జవాబునకు గడువు, ఇవి వరుసగా ఉండిన చాలును. దూషణలు చేర్చుటవలన లేఖ పొడవగునే గాని బలపడదు. అప్పటికిని ఫలము లేనిచో ప్రభుత్వము నడపు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోను ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.

చట్టము కొన్నవానికి తోడుగా నిలుచుట ఒక్క దినమున జరిగినది కాదు. 'కొనువాడే జాగ్రత్తపడవలెను' అనునది పూర్వపు వాణిజ్య సూత్రము. 1930వ సంవత్సరపు వస్తు విక్రయ చట్టము ఆ సూత్రమునకు కొన్ని మినహాయింపులను ఏర్పఱచెను. ఆ చట్టము షరతు వేఱు, వారంటీ వేఱు అని తెలుపును. షరతు ఒప్పందమునకు ప్రాణము. అది తప్పినచో కొన్నవాడు వస్తువును నిరాకరింపవచ్చును. వారంటీ దానికి అనుబంధము. అది తప్పినచో నష్టపరిహారము మాత్రమే కోరవచ్చును. ఐనను ఆ కాలమున న్యాయము కొఱకు సివిలు కోర్టుకు పోవలసి యుండెను. చిన్న వస్తువు కొన్నవాడు అంత వ్యయమును, కాలమును భరింపజాలక మిన్నకుండెడివాడు.

1986వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన రాష్ట్రపతి ఆమోదము పొందిన వినియోగదారుల రక్షణ చట్టము ఈ స్థితిని మార్చెను. అందుచే డిసెంబరు 24 భారతదేశమున జాతీయ వినియోగదారుల దినముగా జరుపబడుచున్నది. దాని స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చెను. ఈ చట్టము ప్రకారము కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ యున్న నగరమునకు పోనక్కఱలేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలకు మించనిచో ఫీజు లేదు. న్యాయవాది లేకుండ తానే వాదించుకొనవచ్చును. అవతలి పక్షమువారు 30 దినములలో సమాధాన మియ్యవలెను. మఱి 15 దినములు గడువు పొందవచ్చును. కారణము పొడగట్టనిచో కమిషను వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయగలదు. ఫిర్యాదునకు హేతువు కలిగిన రెండు సంవత్సరములలోపల దానిని దాఖలు చేయవలెను.

వ్యాపారము కొఱకు వస్తువును కొన్నవాడు సాధారణముగా ఈ చట్టములో వినియోగదారుడు కాడు. అట్లైన పాలవర్తకుని గతి యేమి? చట్టము అతనిని మఱువలేదు. స్వయముగా శ్రమించి కేవలము జీవనోపాధికై వస్తువును వాడుకొనువానిని వినియోగదారునిగనే అది పరిగణించుచున్నది. కావున పాలు అమ్ముకొనుటకు బండిని తానే నడపువానికి కూడ కమిషను ద్వారము తెఱచియే యున్నది.

ఐనను అడిగినదెల్ల లభింపదు. ఒక భాగము చెడినంత మాత్రమున క్రొత్త బండి నిమ్మని కోరువారు కలరు. 2006లో ఒక కారు వివాదమున సుప్రీంకోర్టు, పూచీ పత్రము చెడిన భాగమును మార్చుటకే పరిమితమైనచో మొత్తము కారును మార్చి యిమ్మని ఆదేశించుట తగదని తీర్పు చెప్పెను. 2021లో వేఱొక వివాదమున, డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలిసినట్లు నిరూపింపనిదే దానికి కంపెనీని బాధ్యునిగా చేయరాదని చెప్పెను. కావున ఎవరిని ఏమి కోరుచున్నాడో కొన్నవాడు మొదటనే నిశ్చయించుకొనవలెను. లోపము యంత్రమునందున్నదా, మఱమ్మతు చేసిన తీరునందున్నదా అని విడదీసి చూడవలెను. సందేహమున్నచో ఇరువురకును లేఖ వ్రాయుట మేలు.

పూచీని నమ్ముకొన్నవాడు సత్యమునుకూడ నమ్ముకొనవలెను. దూరము కొలుచు యంత్రమును వెనుకకు త్రిప్పించి, బయట మార్పించిన భాగమును దాచి, క్రింద పడిన బండిని "ఊరకనే చెడినది" అని చెప్పువారు లేకపోలేదు. అట్టివారి వలననే సర్వీసు కేంద్రమువారు నిజము పలుకువానినికూడ అనుమానముతో చూతురు. ఒకని అబద్ధపు ఖర్చు తరువాత వచ్చు నిజాయితీపరుని నెత్తిన పడును.

అట్లే ఒకని సత్యమైన ఫిర్యాదు తరువాత వచ్చువారికి మేలు చేయును. 2019లో మోటారు వాహనముల చట్టమునకు ఒక సవరణ జరిగినది. ఒక రకము బండిలోని లోపము నడపువారికి గాని, దారిని పోవువారికి గాని హాని కలిగింపవచ్చునని తోచి, ఆ లోపమును నిర్ణీత శాతము యజమానులు తెలిపియున్నచో, ఆ రకము బండ్లనన్నింటిని వెనుకకు పిలిపించి సరిచేయుమని కేంద్ర ప్రభుత్వము తయారీదారుని ఆదేశింపవచ్చును. బ్రేకు పట్టని బండిని విసుగుతో బయటనే బాగుచేయించుకొని ఊరకున్నవాడు తన కష్టమును మాత్రమే తీర్చుకొనుచున్నాడు. లోపమును తేదీతో, లెక్కతో వ్రాయించినవాడు ఆ రకము బండినెక్కు అపరిచితుల ప్రాణములకు కూడ రక్షణ కల్పించుచున్నాడు. అటక మీది ఆ చిన్న పుస్తకమును బండి కొన్న దినముననే తెఱచి చదువుట ఈ పనికి మొదటి మెట్టు.